సాయంత్రం ఏ ఇంటికి?

ఆటగాడు: నగరాలు కట్టే ఆటల దగ్గర నాది పెద్ద కోరికేం కాదు అక్కా. పొద్దున ఒక ఇంట్లోంచి బయల్దేరిన మనిషి సాయంత్రానికి ఆ ఇంటికే రావాలి. 2013 మార్చిలో వచ్చిన సిమ్‌సిటీలో అది జరగలేదు. గ్లాస్‌బాక్స్ అనే కొత్త ఇంజిన్, అందులో ప్రతి మనిషీ విడిగా తిరుగుతాడు అంటే ఎంతో ఆశపడ్డాను. ఒకామెను ఎంచుకుని వెనకాలే వెళ్ళాను. ఇల్లు దాటింది, రోడ్డెక్కింది, ఖాళీ ఉన్న మొదటి పనిచోట్లోకి వెళ్ళిపోయింది. సాయంత్రం బయటికొచ్చి, దగ్గర్లో ఏ ఇల్లు ఖాళీగా ఉంటే అందులో దూరింది. పొద్దున వదిలిన ఇల్లు అది కాదు. మర్నాడు ఇంకో పని, ఇంకో ఇల్లు. ఆ ఊళ్ళో అందరికీ పడుకోడానికి చోటుంది. ఇల్లు మాత్రం ఎవరికీ లేదు.

ప్లానర్: నీ బాధ అర్థమైంది తమ్ముడూ. తప్పు మాత్రం నువ్వు చూపించిన చోట లేదు. ఆ ఇంజిన్‌లో కరెంటు, మంచినీళ్ళు, మురుగు, పనివాళ్ళు అన్నీ ఒకే జాతి. చిన్న చిన్న పొట్లాల్లా రోడ్డు వెంట కదులుతాయి, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ దిగుతాయి. కుళాయిలో పడ్డ నీటిబొట్టు మళ్ళీ అదే ట్యాంకుకి వెళ్ళాలని ఎవరూ అడగరు. పనివాళ్ళనీ అలాగే లెక్కపెట్టారు. లెక్కగా అది తప్పేం కాదు. నేను ఆఫీసులో చేసేది దాదాపు అదే. నగరాన్ని జోన్లుగా కోసి, పొద్దున తొమ్మిదింటికి ఈ జోన్ నుంచి ఆ జోన్‌కి ఎన్ని ట్రిప్పులు అని చూస్తాం. ఫ్లైఓవర్‌కి ఎన్ని లేన్లు కావాలో తేల్చడానికి అందులో వెళ్ళేది రాధో రజియానో తెలియక్కర్లేదు. వాళ్ళు చేసిన పొరపాటు ఏమిటంటే, లెక్కకి మనిషి బొమ్మ తొడిగారు. పేరు పెట్టారు. ఈమె వెంట వెళ్ళి చూడు అన్నారు. నువ్వు వెళ్ళావు.

ఆటగాడు: లెక్కలోనూ తప్పుంది కదా. తెర మీద కనిపించే జనాభా అంతా ఇంజిన్‌లో తిరగడం లేదు. ఆటగాళ్ళు కోడ్ విప్పి చూస్తే ఒక ఫంక్షన్ దొరికింది. 500 దాకా ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. ఆపైన ఒక సూత్రంతో పెంచుకుంటూ పోయి, పెద్ద ఊళ్ళకి ఎనిమిది రెట్లకు పైగా చేస్తుంది. ఆ ఫంక్షన్ పేరులోనే సర్దుబాటు అన్న అర్థం ఉంది. ఇల్లు లేని మనుషులు సరే, మనుషులే లేని జనాభా అది.

ప్లానర్: దాన్ని నేను వెనకేసుకు రాను. నాకు నచ్చిన ఆట అంతకంటే చాలా పాతది, 1989లో విల్ రైట్ చేసిన మొదటి సిమ్‌సిటీ. దాని కోడ్ 2008లో మైక్రోపొలిస్ అనే పేరుతో అందరికీ తెరిచి ఇచ్చారు. చదివాను. ఒక ఇళ్ళ గడి తన అంచున రోడ్డు ఎక్కడుందో వెతుకుతుంది. రోడ్డు దొరికితే మలుపు మలుపుకీ గుడ్డిగా ఒక దారి ఎంచుకుంటూ పోతుంది. 30 గడుల లోపల దుకాణాల గడి తగిలితే ప్రయాణం అయినట్టే. ఆ దారి పొడవునా ట్రాఫిక్ అంకె కాస్త పెరుగుతుంది. దుకాణాలు ఫ్యాక్టరీని వెతుకుతాయి, ఫ్యాక్టరీ ఇళ్ళని వెతుకుతుంది. తిరుగు ప్రయాణం అనేదే లేదు. రోడ్డు మీద కదిలే కార్లు కూడా కార్లు కావు. ఆ అంకె ఎంత పెద్దదో చూపించే బొమ్మలు. అందులో ఒక్క మనిషి కూడా లేడు తమ్ముడూ. అయినా ఇళ్ళకీ పనికీ మధ్య దూరం పెరిగితే ఊరు ఎలా కుళ్ళిపోతుందో ఆ ఆట పిల్లలకి కూడా నేర్పింది. ఇక్కడ మనుషులున్నారు చూడు అని ఎప్పుడూ అనలేదు.

ఆటగాడు: ఆ ఆట ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పండి మరి.

ప్లానర్: జే ఫారెస్టర్ నుంచి. ఎంఐటీ ప్రొఫెసర్. బోస్టన్ మాజీ మేయర్ జాన్ కాలిన్స్‌తో మాట్లాడుతూ మాట్లాడుతూ నగరాన్ని సమీకరణాల్లో పెట్టాడు. 1969లో అర్బన్ డైనమిక్స్ అనే పుస్తకం వేశాడు. విల్ రైట్ ఆ పుస్తకం చదివే తన ఆటకి దారి వెతుక్కున్నాడు.

ఆటగాడు: ఆ పుస్తకం చివరికి ఏం తేల్చింది? పేదలకి చవక ఇళ్ళు కడితే నగరం దెబ్బతింటుంది, మురికివాడల ఇళ్ళు కూల్చి ఆ చోట వ్యాపారాలు రానిస్తే బాగుపడుతుంది అని. నేను మనిషి మనిషి అని పట్టుబట్టేది ఇందుకే. ఆ మోడల్‌లో మ్యాప్ లేదు. మేనేజర్లు, కార్మికులు, సరైన పని లేనివాళ్ళు అని మూడు తొట్లు, వాళ్ళకి మూడు రకాల ఇళ్ళు. ఇల్లు కూల్చితే తొట్టిలో మట్టం తగ్గుతుంది. ఆ తగ్గినవాళ్ళు ఎక్కడికి పోయారు? నగరం బయటికి. బయట అంటే ఏమిటి? హద్దులేని చోటు, మోడల్‌కి సంబంధం లేనిది. చంకలో పిల్లాడితో, నెత్తిన బియ్యం మూటతో ఒక మనిషిని తెర మీద కదిలించి చూపించాల్సి వస్తే ఆ మాట అంత తేలిగ్గా రాసేవాడా?

ప్లానర్: తేలిగ్గా రాశాడని నేననను. కానీ నీ మాటలో నిజముంది. మట్టం తగ్గింది అనడానికీ, జనం వెళ్ళిపోయారు అనడానికీ మధ్య ఒక వాక్యం తేడా ఉంటుంది. మా వృత్తిలో ఆ వాక్యం తరచు రాయం. అది ఒప్పుకుంటాను. అయినా తొట్లు తప్పు చెప్పాయి కాబట్టి మనుషులని ఒక్కొక్కరినీ పెడితే ఒప్పు వస్తుందని ఎలా అనుకుంటాం? నీ ఆట సంగతి చెప్పు. ఇల్లూ పనీ రెండూ స్థిరంగా ఉన్న ఆట ఆడావు కదా.

ఆటగాడు: సిటీస్ స్కైలైన్స్. ఫిన్లాండ్‌లో తంపెరె అనే ఊళ్ళో కొలోసల్ ఆర్డర్ అని చిన్న సంస్థ ఉంది. వాళ్ళు 2015 మార్చిలో తెచ్చారు. అందులో ఏ మనిషి మీద నొక్కినా చిన్న చీటీ తెరుచుకుంటుంది. పేరు, వయసు దశ, ఎంత చదివింది, ఇల్లెక్కడ, పనెక్కడ, ఇప్పుడు ఎక్కడికి వెళ్తోంది. పేరు మార్చుకోవచ్చు. నేనొకామెకి సత్యవతి అని పెట్టాను, మా నాయనమ్మ పేరు. ఇల్లు ఏటికి ఇవతల, పని అవతల ఒక దుకాణంలో. అప్పటికి డబ్బు కటకటగా ఉండి బస్సుల బడ్జెట్ మీట 50 శాతానికి దించేశాను. పట్టికలో అది ఒక అంకె, అంతకుమించి ఏమీ అనిపించలేదు. సత్యవతి వెంట వెళ్తే బస్‌స్టాప్‌లో నిలబడి ఉంది. ఆమె చుట్టూ ఇంకో ఇరవై మంది. ఒక బస్సొచ్చింది, నిండుగా ఉంది, ముగ్గురు ఎక్కారు. ఆమె ఎక్కలేదు. ఇంకో బస్సు కోసం చూశాను. మబ్బు పట్టింది, వాన పడింది, ఆమె అక్కడే ఉంది. నేను మీట మళ్ళీ 100కి లాగేశాను. మీ జోన్ల పట్టిక చూసి ఉంటే లాగేవాణ్ణి కాదక్కా. పట్టికలో ఆ రూటు నష్టాల్లో ఉంది.

ప్లానర్: నీ చేత మీట లాగించిందంటే అది మంచి ఆటే. కానీ ఆమె స్టాప్‌లో నిలబడ్డప్పుడు తెర కింద తేదీ చూశావా?

ఆటగాడు: చూశాను. రోజులు మారుతున్నాయి.

ప్లానర్: ఒక్క బస్సు కోసం రోజుల తరబడి నిలబడింది. ఆ ఆటలో క్యాలెండర్ ఒక వేగంతో, కాళ్ళు ఇంకో వేగంతో నడుస్తాయి. ఆమె పనికి వెళ్ళేసరికి వారాలు గడవొచ్చు. అయినా దుకాణం నడుస్తుంది, ఆమె ఉద్యోగం ఉంటుంది. ఎందుకంటే ఉద్యోగం అనేది ఆమె వెళ్ళడం వల్ల జరిగేది కాదు, చీటీలో రాసి ఉన్న మాట. ఇంకోటి. ఆ ఆటలో మొత్తం పౌరుల పట్టీకి హద్దు 10,48,576. ఒకేసారి వీధిలో నడవగలిగినవాళ్ళ హద్దు 65,536. ఊరు పెద్దదయ్యేకొద్దీ చాలామంది ఇంట్లోనే కూర్చోవాలి, బయటికి రావడానికి వాళ్ళ వంతు రాదు. ట్రాఫిక్‌లో బాగా ఇరుక్కుపోయిన బండి ఉన్నచోటే మాయమవుతుంది. అంటే నువ్వు చూసింది నగరాన్ని కాదు, నగరంలోంచి తీసిన శాంపిల్‌ని. నేను చేసేదీ శాంపిలే. నాకూ నీకూ తేడా ఏమిటంటే, శాంపిల్ తీశానని నేను రిపోర్టు మొదటి పేజీలోనే చెప్తాను.

ఆటగాడు: 65,536 మాట నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు. పెద్ద ఊళ్ళు కట్టినవాళ్ళందరికీ ఆ గోడ తగిలింది. కానీ ఆ చీటీ వల్ల ఇంకో సంగతి తెలిసింది. ఒకే రోజు ఒక పెద్ద కాలనీకి గీతలు గీశాను. వేలమంది ఒకేసారి దిగారు, అందరూ ఇంచుమించు ఒకే ఈడు. కొన్నేళ్ళు ఊరు కళకళలాడింది. తర్వాత అందరూ ఒకేసారి ముసలివాళ్ళయ్యారు, ఒకేసారి పోవడం మొదలుపెట్టారు. శవాలు తీసుకెళ్ళే బండ్లు చాలక వీధులు ఆగిపోయాయి. ఆటగాళ్ళు దీన్ని డెత్ వేవ్ అంటారు. ఈ కాలనీలో ఇళ్ళన్నీ ఒకే ఏడు నిండాయి, అందరికీ ఒకే వయసు అన్న సంగతి తొట్టి ఎప్పుడు చెప్పింది?

ప్లానర్: వయసుల వారీగా తొట్లు పెడితే చెప్తుంది. జనాభా శాస్త్రం పుట్టిందే అందుకు. అయినా ఈ ఉదాహరణ నాకు నచ్చింది, ఎందుకంటే నిజంగా జరిగేదే. ఒకే ఉద్యోగాల కోసం ఒకే ఏడు కట్టిన క్వార్టర్లలో ముందు స్కూలు చాలదు, ముప్ఫై ఏళ్ళు పోయాక ఆ స్కూలుకి పిల్లలు చాలరు. ఇక్కడ నువ్వు గెలిచావనే అనుకో. ఇప్పుడు నా వైపు నుంచి ఒక ఆట. 1998లో వచ్చిన సీజర్ 3. రోమన్ ఊరు కట్టాలి. ధాన్యపు కొట్టు కట్టావనుకో, అక్కడి నుంచి ఒక మనిషి పనివాళ్ళని వెతుకుతూ బయల్దేరతాడు. జనం ఉన్న ఇంటి పక్కగా అతను నడిస్తే చాలు, కొట్టుకి పనివాళ్ళు దొరికినట్టే. ఆ పనివాళ్ళు ఆ ఇంటి నుంచి రారు, ఊరందరినీ కలిపిన ఒకే లెక్క నుంచి వస్తారు. చిరునామా లేదు, ప్రయాణం లేదు. దగ్గర్లో మనుషులుండాలి అన్న నియమం మాత్రం ఉంది. ఇక అసలు సంగతి విను. ఇళ్ళకి నీళ్ళు, తిండి, గుడి, బడి అన్నీ అందితే అవి మెరుగై మెరుగై చివరికి విల్లాలవుతాయి. విల్లా అయిన మరుక్షణం అందులోవాళ్ళు పని మానేస్తారు, శ్రీమంతులు కదా. ఊరు అందంగా తయారైనకొద్దీ ధాన్యపు కొట్టుకి మనుషులుండరు. మళ్ళీ ఎక్కడో ఒక పేదల పేట కట్టి నిలబెట్టుకోవాలి. ఒక్క పేరు లేకుండా, ఒక్క చీటీ లేకుండా ఆ ఆట చెప్పిన నిజం అది. జూబ్లీహిల్స్ మ్యాప్ చూసినప్పుడల్లా పక్కన బస్తీలు ఎందుకు ఉంటాయో నాకు ఆ కొట్టు గుర్తొచ్చి అర్థమవుతుంది.

ఆటగాడు: ఆ పేదల పేటని ఎక్కడ కట్టాలో తేల్చేది మీరే కదా? పేదలు కాదు. నేను ట్రోపికో గురించి చెప్తాను, 2001లో వచ్చింది. ఒక దీవికి అధ్యక్షుడివి. ప్రతి మనిషికీ పేరుంది, కుటుంబం ఉంది, రాజకీయం ఉంది, ఇంటి నుంచి పనికి నడిచే దారి ఉంది. ఇళ్ళు చాలకపోయినా, అద్దె కట్టలేకపోయినా వాళ్ళు నీ అనుమతి కోసం చూడరు. తాము పనిచేసే చోటికి దగ్గర్లో గుడిసె వేసుకుంటారు. నువ్వు గీయని ఇల్లు నీ మ్యాప్ మీద మొలుస్తుంది. నగరం ఎలా పెరుగుతుందో అంతకంటే నిజంగా చెప్పిన ఆట నేను చూడలేదు. బస్తీ అంటే ప్లానర్ మర్చిపోయిన ఇంటిని మనిషి గుర్తుపెట్టుకుని కట్టుకోవడం. ఆ మాట చెప్పాలంటే లోపల మనిషి ఉండాలి, ఆ మనిషి ఎక్కడ పనిచేస్తాడో అతనికి తెలిసి ఉండాలి.

ప్లానర్: బాగుంది. ట్రోపికోలో జనం ఎంతమంది? కొన్ని వందలు. ఒక పల్లెటూరు. వందల మందికి చిరునామా ఇవ్వడం కష్టం కాదు, లక్షలకి ఇవ్వాలంటే యంత్రం లొంగదు. 2023 అక్టోబర్‌లో వచ్చిన సిటీస్ స్కైలైన్స్ 2 చూశావుగా. ఒక్కో కుటుంబం సంపాదన, అద్దె, చదువు. దారి ఎంచుకునేటప్పుడు ఎంత సేపు, ఎంత ఖర్చు, ఎంత హాయి అని మనిషి మనిషికీ లెక్క. బొమ్మలకి నోట్లో పళ్ళు కూడా చెక్కారు. ఫలితం ఏమిటి? మంచి కంప్యూటర్ల మీద కూడా ఆట ఈడ్చుకుంటూ నడిచింది. ఊళ్ళో ఏ ఇంటి మీద చూసినా అద్దె ఎక్కువైంది అన్న గుర్తే. అది ఎందుకొస్తోందో ఆడేవాళ్ళకి అర్థం కాలేదు. 2024లో ఆ ఆర్థిక వ్యవస్థనే తిరగరాశారు. మనిషి లోపల వంద మీటలు పెడితే ఏ మీట వల్ల ఏం జరిగిందో మేయర్‌కి తెలియదు, తయారుచేసినవాళ్ళకి కూడా తెలియదు. తెలియని దాన్ని బాగుచేయలేం.

ఆటగాడు: నిజం నగరం కూడా అంతేగా అక్కా. అద్దె ఎందుకు పెరిగిందో మీకు తెలుసా?

ప్లానర్: కొంత తెలుసు. 1964లో ఐరా లౌరీ పిట్స్‌బర్గ్ కోసం ఒక మోడల్ చేశాడు. ముందు ఉక్కు మిల్లుల్లాంటి పెద్ద పనిచోట్లు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకో. అక్కడ పనిచేసేవాళ్ళని చుట్టూ ఇళ్ళల్లోకి పంచు, దూరం పెరిగేకొద్దీ తక్కువగా. ఆ ఇళ్ళ చుట్టూ దుకాణాలు పంచు. దుకాణాల్లో పనిచేసేవాళ్ళకి మళ్ళీ ఇళ్ళు పంచు. అలా తిప్పుతూ పో, నగరం కుదురుకునేదాకా. పేర్లు లేవు. విశాఖలో స్టీల్ ప్లాంట్, పక్కన ఉక్కునగరం, దాని అంచున వెలిసిన కొట్లు, ఆ కొట్లలో పనిచేసేవాళ్ళు అద్దెకుండే గదులు, ఈ వరస చెప్పడానికి లౌరీ చాలు. మనిషి ఎక్కడ ఉంటాడో చాలావరకు అతని పని చెప్తుంది. నేను మనుషులని తీసేయడం లేదు. మనుషులందరిలో ఉమ్మడిగా ఉన్నదాన్ని పట్టుకుంటున్నాను.

ఆటగాడు: ఉమ్మడిది పట్టుకున్నప్పుడు ఏం జారిపోతుందో సిమ్‌సిటీ 4 చూపించింది. 2003 నాటి ఆట, మీ పద్ధతిదే. ఇళ్ళ నుంచి పనిచోట్లకి దారులు వెతుకుతుంది, ప్రయాణం మరీ ఎక్కువైతే జనం ఇల్లు వదిలేస్తారు. ప్రాంతాన్ని చిన్న చిన్న నగరాలుగా విడదీసి, మనం ఆడుతున్న నగరాన్ని మాత్రమే నడిపిస్తుంది. అక్కడో వింత జరిగింది. పొద్దున ఒక నగరం నుంచి బయల్దేరిన జనం పక్క నగరంలోకి వెళ్తారు, అక్కడ ఉద్యోగం దొరక్క దాని పక్క నగరంలోకి, అక్కడి నుంచి తిరిగి మొదటి నగరంలోకి. సరిహద్దు దాటినప్పుడల్లా పని దొరికినట్టు లెక్కలో పడుతుంది. ఎక్కడా పని చేయరు, ఎప్పుడూ ఇంటికి చేరరు. ఎటర్నల్ కమ్యూటర్లు అని పేరు పెట్టుకున్నాం. పట్టికలో అందరికీ ఉద్యోగముంది, రోడ్డు మీద అందరూ తిరుగుతూనే ఉన్నారు. ఆ తిరిగేవాళ్ళలో ఒక్కరికైనా పేరూ ఇల్లూ ఉండి ఉంటే మొదటి సాయంత్రమే బయటపడేది, ఈమె ఇంకా ఇంటికి రాలేదని.

ప్లానర్: అది మంచి దెబ్బ. సరిహద్దు దగ్గర లెక్క తప్పడం మాకు బాగా తెలిసిన జబ్బు. ఒక జిల్లా అధికారి తన జిల్లా దాటిన బస్సుని వెళ్ళిపోయింది అని రాసుకుంటాడు, అది ఎక్కడికి చేరిందో ఎవరూ రాయరు. సరే, నీ మొదటి ఫిర్యాదుకి వస్తాను. రోజుకో పని, ఖాళీ ఎక్కడుంటే అక్కడ. అది అబద్ధం అన్నావు. హైదరాబాద్‌లో పొద్దున ఏడింటికి ఏదైనా లేబర్ అడ్డాకి వెళ్ళు. పార, తట్ట పట్టుకుని, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని వందల మంది నిలబడి ఉంటారు. మేస్త్రీ బండి ఆపుతాడు, నలుగురు అంటాడు, ఎక్కినవాళ్ళకి ఆ రోజు పని. నిన్నటి పనిచోటు ఇవాళ లేదు. నీ చీటీలో పనెక్కడ అన్న గడిలో వాళ్ళకి ఏం రాస్తావు? అందరికీ స్థిరమైన ఉద్యోగం ఉంటుందని నమ్మిన నీ ఆటకంటే, నువ్వు తిట్టిన 2013 ఆటే వాళ్ళ పొద్దుటిని దగ్గరగా చూపించింది.

ఆటగాడు: ఇది నేను ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నాను. నాకు తెలిసినవాళ్ళందరికీ ఐడీ కార్డులున్నాయి కాబట్టి పనికి ఒక చిరునామా ఉంటుందని అనుకున్నాను. కానీ సాయంత్రం మాటేమిటి? ఆ అడ్డా కూలీ ఎదురైన ఇంట్లో దూరడు. పిల్లలున్న గదికి పోతాడు. పొద్దున ఎవరితో పోయినా రాత్రికి చేరే చోటు అదే. పని రోజూ మారొచ్చు, ఇల్లు మారదు.

ప్లానర్: ఇల్లూ మారుతుంది. పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీ పనివాళ్ళు కట్టే బిల్డింగ్ పక్కనే రేకుల షెడ్డు వేసుకుంటారు. బిల్డింగ్ పైకి లేచాక షెడ్డు విప్పి ఇంకో బిల్డింగ్ దగ్గర వేస్తారు. ఎక్కడ పనుంటే అక్కడ ఇల్లు. లౌరీ చెప్పినదాన్ని అంత అక్షరాలా పాటించేవాళ్ళు ఎవరూ ఉండరు.

ఆటగాడు: ఆ షెడ్డులో ఉన్న మనిషిని అడిగారా మీరు?

ప్లానర్: అడిగాను. సర్వేకి వెళ్ళినప్పుడు ఎక్కడ ఉంటున్నావమ్మా అంటే షెడ్డు చూపించింది.

ఆటగాడు: మీది ఏ ఊరు అని అడిగితే షెడ్డు చూపిస్తుందా?

ప్లానర్: లేదు.

ఆటగాడు: అక్కడ ఇల్లుంది. రేషన్ కార్డు ఆ ఊరిది, ఓటు ఆ ఊరిది, అత్తగారు అక్కడ, చిన్నపిల్ల ఆమె దగ్గర. ఎక్కడ ఉంటున్నావు, ఏ ఊరు, ఇవి మనకి రెండు ప్రశ్నలు అక్కా. చంటిపిల్లకి కూడా తేడా తెలుసు. నేను ఆడిన ఏ ఆటలోనూ రెండో ప్రశ్న లేదు. నా సత్యవతికి కూడా లేదు, ఆమెకి ఒక్క ఇల్లే ఉంది. సంక్రాంతి ముందు రెండు రోజులు విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేట్ దగ్గర బారులు తీరిన బండ్లు చూడండి. హైదరాబాద్‌లో ఉంటున్న జనం హైదరాబాద్ తమ ఊరు కాదని చెప్పడానికి బయల్దేరతారు. ఏ ఆటలో ఊరు మూడు రోజులు అలా ఖాళీ అయింది? ఇంతసేపూ మనిషికి ఒక్క ఇల్లు చాలని వాదించాను. ఇప్పుడు చూస్తే నా చీటీలోనూ ఒక గడి తక్కువే.

ప్లానర్: పంతంగి టోల్‌గేట్ నా మోడల్‌కి బయట. హద్దు దగ్గర ఒక చుక్క పెట్టి బయటి జోన్ అని రాస్తాం, ఎన్ని బండ్లు దాటాయో అంకె వేస్తాం. నువ్వు ఫారెస్టర్‌ని నిలదీశావే, బయట అంటే ఏమిటని. ఆ బయట నా మోడల్‌లోనూ ఉంది. ఈ మాట నాకు ఇష్టం లేకుండానే చెప్తున్నాను. అయినా నా పద్ధతి వదలను తమ్ముడూ. వచ్చే నెలకి ఫ్లైఓవర్‌కి లేన్లు ఎన్నో చెప్పాలి. ఆ షెడ్డులో ఉన్నామె రోజూ పొద్దున ఆ దారినే దాటాలి. అంకె తప్పితే నష్టపోయేది ఆమే. ఆమె ఊరు ఏదో తెలిసినంత మాత్రాన ఆ రోడ్డు వెడల్పు కాదు.

ఆటగాడు: కాదు. తెలియకపోతే మాత్రం ఆమె పిల్లకి ఇక్కడ స్కూలు కట్టాలా, అక్కడ కట్టాలా అన్న ప్రశ్నే పుట్టదు. మీ లెక్క ఆమెని రోడ్డు దాటిస్తుంది, అంతవరకు నాకు గౌరవమే. ఇంటికి చేర్చే లెక్క ఇంకోటి కావాలంటున్నాను. అది ఆటలో కావాలి. ఎందుకంటే పన్నెండేళ్ళ పిల్లాడు నగరం అంటే ఏమిటో మొదట నేర్చుకునేది మీ రిపోర్టులో కాదు, అక్కడే.

ప్లానర్: అది నేను కాదనలేను. నేను కూడా మొదట అక్కడే నేర్చుకున్నాను, ఒక్క మనిషి కూడా లేని ఆటలో.

ఆటగాడు: మీ ఫారంలోనైనా ఆ ప్రశ్న ఉందా?

ప్లానర్: 2011 జనగణనలో సేద్యం, ఇంటి పరిశ్రమ కాని పనులకి పోయేవాళ్ళని పనిచోటు ఇంటికి ఎంత దూరం, దేని మీద వెళ్తారు అని అడిగారు. మా ఫారంలో ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. ఎక్కడ ఉంటున్నారు, ఎక్కడ పని, ఎన్నింటికి బయల్దేరతారు, దేని మీద వెళ్తారు, ఎంత ఖర్చవుతుంది. మీది ఏ ఊరు అన్న గడి లేదు.